భజనకు పోని మూడు శనివారాలు

ఇప్పటికీ ఎవరైనా దగ్గితే నేను లెక్కపెడతాను. బస్సులో, కిరాణా కొట్టు దగ్గర, పెళ్లి పందిట్లో. ఒకటి, రెండు, మూడు. మూడు దాటితే ఆ దగ్గిందెవరో వెతుక్కుంటాను. నా దగ్గు పోయి ఏడాది కావస్తోంది గానీ ఆ లెక్క మాత్రం మానలేకపోతున్నాను. ఇదంతా రాయమని మా వీధి ఆశా కార్యకర్త రేణుక ఉగాది నుంచి వెంటపడుతోంది. "పదో తరగతి దాకా సదివినావు గదక్కా, నువ్వు రాయకపోతే ఎవురు రాస్తారు?" అంటుంది. సరే, రాస్తున్నాను. నాకు మంచిపేరు తెచ్చే సంగతులు ఇందులో ఎక్కువ లేవని ముందే చెబుతున్నాను.

మాది ఎమ్మిగనూరు. మా ఆయన మగ్గం నేస్తాడు, నేను రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడతాను. వారానికి ఆరు రోజులు అదే పని. శనివారం సాయంత్రం మాత్రం ఇల్లు కూలిపోతున్నా నేను ఇంట్లో ఉండను. మా వీధి చివర ఆంజనేయస్వామి గుడిని ఆనుకుని చిన్న గది ఉంది. అక్కడ పదిమంది ఆడవాళ్లం భజన చేస్తాం. పద్నాలుగేళ్లుగా ముందుపాట నాది. అంటే చరణం నేను ఎత్తుకుంటే మిగతావాళ్లు వెనక అందుకుంటారు. వెనకపాటకు పెద్ద శారద. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది. నన్ను వదినా అంటుంది గానీ మాకు చుట్టరికం ఏమీ లేదు, పాటే చుట్టరికం.

శారదకు చదువు రాదు. మాలో చాలామందికి రాదు. అందుకని కొత్త పాట నేర్చుకోవడానికి మాకో పద్ధతి ఉంది. నేను పుస్తకం చూసి పాట పట్టుకుంటాను. తర్వాత శారద నా ఎదురుగా మోకాళ్లు తగిలేలా కూర్చుని, నా పెదాలు చూస్తూ ఒక్కో చరణం నా నోట్లోంచి తీసుకుంటుంది. తను తప్పు పాడితే నేను మళ్లీ పాడతాను. అలా ఇరవై సార్లు. ఒకసారి పట్టిందంటే ఇక మరిచిపోదు. మిగతా ఎనిమిది మందీ ఆమె దగ్గర నేర్చుకుంటారు. పదిమంది ఒక్కసారి గొంతెత్తినప్పుడు నా గొంతు ఎక్కడుందో నాకే తెలిసేది కాదు. ఆ పదినిమిషాలు నూలు ధర, నడుం నొప్పి, మా ఆయన చిరాకు ఏవీ గుర్తుండేవి కావు. దేవుడి సంగతి దేవుడెరుగు, నేను దానికోసమే పోయేదాన్ని.

ఆషాఢంలో దగ్గు మొదలైంది. మగ్గం ఉన్న ఇంట్లో దగ్గు కొత్తేమీ కాదు. నూలు నుసి ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. మిరియాల పాలు తాగాను, తమలపాకులో వాము పెట్టుకుని నమిలాను. తగ్గలేదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. సన్నబడ్డానని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా, అంత తెలివి నాది.

పాడేవాళ్లలో ఒక నమ్మకం ఉంది. గొంతు పట్టేస్తే పాట ఆపకూడదు, ఇంకా గట్టిగా పాడితేనే విడుస్తుంది అని. మా అమ్మ అదే చెప్పేది. మా బృందంలో అందరూ అదే అన్నారు. "రోజూ సాధకం సేద్దాం వదినా, గొంతు అదే దారికొస్తాది" అంది శారద. నా మీద ప్రేమతోనే అంది. అప్పటికి శ్రావణం దగ్గరపడింది. ఉరుకుంద ఈరన్న తిరునాళ్లలో పాడాలని కొత్త పాట మొదలుపెట్టాం. రెండు వారాల పాటు రోజూ మధ్యాహ్నం ఆ గదిలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. వాన జల్లు లోపలికి కొడుతుందని తలుపులూ కిటికీలూ వేసుకున్నాం. నేను పాడాను, దగ్గాను, మళ్లీ పాడాను. ఆమె నా పెదాలు చూస్తూ కూర్చుంది.

శ్రావణ సోమవారం పొద్దున్నే బస్సెక్కాం. దారంతా పాడుతూనే పోయాం. ఉరుకుందలో జనం మధ్య రెండో పాటలో నాకు దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. శారద నా చరణం తను అందుకుని పాట తెగకుండా లాక్కొచ్చింది. నేను పక్కకు పోయి కుళాయి దగ్గర ఉమ్మితే ఎర్రగా పడింది. నీళ్లు పోసి కడిగేశాను. చుట్టూ చూశాను, ఎవరూ చూడలేదు. తిరుగు బస్సులో అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను.

భాద్రపదంలో మా ఆయన చూశాడు నా కొంగు మీద మరకను. మరుసటి రోజు మగ్గం ఆపి నన్ను ఆదోనికి తీసుకుపోయాడు. మగ్గం ఆపాడంటే ఎంత భయపడ్డాడో నాకు అర్థమైంది. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నేను దగ్గిన ప్రతిసారీ పక్కనున్నవాళ్లు కొంచెం కొంచెం జరిగారు. చివరకు బల్ల మీద నేనొక్కదాన్నే మిగిలాను. మా ఆయన కూడా లేచి గోడకు ఆనుకున్నాడు. అప్పుడు కౌతాళం వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నా పక్కకొచ్చి కూర్చుంది. "ఊట ఆయ్తేనమ్మా?" అంది కన్నడంలో. తిన్నావా అని. లేదన్నాను. మూట విప్పి జొన్నరొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టింది. తినబుద్ధి కాకపోయినా తిన్నాను. ఆమె పేరు కూడా అడగలేదు.

తెమడ పరీక్ష చేశారు, ఛాతీ ఫొటో తీశారు. టీబీ అన్నారు. డాక్టరమ్మ చిన్నది, మా అక్క కూతురి వయసు ఉంటుంది. ఆరు నెలలు మాత్రలు, ఒక్కరోజు కూడా మానకూడదు, నయమవుతుంది అని మూడుసార్లు చెప్పింది. తర్వాత అడిగింది, మూసిన గదిలో ఎక్కువసేపు ఎవరితో కూర్చుంటావని. "ఇంట్లో మా ఆయన, నేను. అంతే" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. నోట్లోంచి ముందు అదే వచ్చింది.

ఇంటికి రాగానే మా ఆయన నా కంచం, నా గ్లాసు వేరు చేశాడు. గ్లాసుకు ఎర్ర నూలు దారం కట్టాడు. "ఈ మాట గడప దాటగూడదు. దాటిందంటే రేపట్నుంచి మన చీర ఎవురూ ముట్టరు. నూలు ఇచ్చేటాయన మన వాకిట్లోకి రాడు" అన్నాడు. జబ్బు కంచం వల్ల రాదనీ, చీర వల్ల రాదనీ, గాలి ఆడని గదిలో దగ్గితే వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరం విన్నాం. విని వచ్చి గ్లాసుకు దారం కట్టుకున్నాం. ఆయనకూ ఆదోనిలోనే ఫొటో తీశారు, అందులో ఏమీ రాలేదు, అదొక్కటే ఊరట.

మాత్రలు వేసుకోగానే కడుపులో తిప్పేది. ఒంటికి పోతే ఎర్రగా వచ్చేది. అది మందు రంగేనని చెప్పినా మొదటిరోజు వణికిపోయాను. గొంతు బాగాలేదు, డాక్టరమ్మ మాట్లాడొద్దందని భజనవాళ్లకు కబురు పంపాను. నాకోసం వచ్చిన శారదను కిటికీలోంచే పలకరించి పంపేశాను.

మొదటి శనివారం గుడి మైకులో వాళ్ల పాట వినబడింది. ముందుపాట వేరే ఆమె ఎత్తుకుంది, శ్రుతి ఎక్కువైంది. నేను రాట్నం ముందు కూర్చుని నవ్వుకున్నాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇంట్లో నాలో నేనే ఒక చరణం పాడి ఆగాను. అందుకునేవాళ్లు ఎవరూ లేరు. మగ్గం చప్పుడు మాత్రం వినబడింది.

రేణుక వారానికోసారి వచ్చేది. ఒక కాగితం తెచ్చేది. "ఇంట్లోవాళ్లు సరే అక్కా, ఇంకెవురి పక్కనన్నా శానాసేపు కూసున్నావా? వాళ్లను గూడ పరీచ్చ సేయించల్ల" అనేది.

"ల్యాదమ్మా" అన్నాను.

"భజన గదక్కా నీది?"

"మేం వాకిట్లో పాడతాం" అన్నాను. ఆ పిల్ల నా మొహం చూసింది. మళ్లీ అడగలేదు. కాగితం మాత్రం నా ముందే పెట్టి పోయింది.

రెండో శనివారం జ్వరం తగ్గింది. అన్నం సయించింది. నాకు నయమవుతోందని తెలుస్తున్నకొద్దీ భయం ఎక్కువైంది. మూడో శనివారం కిటికీ దగ్గర కూర్చుని విన్నాను. రెండు చరణాల మధ్య ఎవరో దగ్గారు. పొడి దగ్గు. మళ్లీ దగ్గారు. ఎవరో నాకు తెలుసు. ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో, ఎక్కడ ఆపుతుందో పద్నాలుగేళ్లుగా వింటున్నదాన్ని. మంగళహారతి అయ్యేలోపు తొమ్మిదిసార్లు దగ్గింది.

ఆ తర్వాతి వారమంతా మా ఇంట్లో గొడవే. "నేను సెప్తా" అన్నాను. "సెప్పు, సెప్పి ఇద్దరం అడుక్కుతిందాం" అన్నాడు ఆయన. శుక్రవారం ఆయన అన్నం తినలేదు. శనివారం నేను చీర మార్చుకుని మాస్కు కట్టుకుంటుంటే అడ్డం రాలేదు. మగ్గం దిగి బయటికొచ్చి నిలబడి, "పదా, నేనూ వస్తా" అన్నాడు. గుడి దాకా నా వెనకే నడిచాడు.

గది తలుపు నెట్టి గడప అవతలే నిలబడ్డాను. పాట ఆగింది. అందరూ సంతోషంగా లేచారు. "ఎవురూ దగ్గరికి రావద్దండి" అన్నాను. "నాది గొంతు నొప్పి గాదు. టీబీ. నెల కావస్తాంది తెలిసి. మీ అందరికీ పరీచ్చ సేయించల్ల."

హార్మోనియం మీద ఎవరి చెయ్యో ఉండిపోయి ఒక్క స్వరమే మోగుతూ ఉంది. ఒకామె చాప చుట్టుకుని నన్ను తాకకుండా పక్కనుంచి వెళ్లిపోయింది. ఆమె ఆ తర్వాత భజనకు మళ్లీ రాలేదు, ఈ రోజుకీ రాలేదు. శారద మాత్రం కూర్చున్నచోటే ఉంది.

"నెలా?" అంది.

"ఊ."

"మా ఇంట్లో సంటిది ఉండాదని తెల్దా నీకు?" అంది. ఆమె మనవరాలికి అప్పుడు ఎనిమిది నెలలు.

రేణుకను పిలిచి ఆ గడప దగ్గరే పేర్లు రాయించాను.

దసరాకు ముందు, ఆ చాప చుట్టుకుపోయినామె తప్ప అందరూ ఆదోనికి పోయారు. నేనూ వేరే బస్సులో పోయాను. ఎవరూ రమ్మనలేదు. లోపలికి పోకుండా ఆసుపత్రి ఆవరణలో వేపచెట్టు కింద నిలబడ్డాను. ఎనిమిది మంది వరండాలో వరుసగా కూర్చున్నారు, చివర శారద, పక్కన కోడలు, కోడలి ఒళ్లో బిడ్డ. ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. బిడ్డ ఏడుపు ఆపడం లేదు. దాన్ని ఊరుకోబెట్టడానికి ఎవరో కూనిరాగం తీశారు. పక్కామె అందుకుంది. ఒక నిమిషంలో వరండా అంతా పాట అయిపోయింది. చీటీలు పట్టుకున్న జనం తలలు తిప్పి చూశారు.

నర్సమ్మ బయటికొచ్చింది. "ఇది ఆస్పత్రిమ్మా, గుడి గాదు. పాడల్లంటే ఆ సెట్టు కిందికి పోండి" అంది. వాళ్లు లేచి చెట్టు కిందికే వచ్చారు. నేను దూరంగా జరిగాను. పాట ఆపలేదు వాళ్లు. ఆరుబయట, గాలిలో, పది అడుగుల దూరంలో, మాస్కులోంచి నేనూ వెనక అందుకున్నాను. ఎవరూ వద్దనలేదు. శారద అటు తిరిగి నిలబడింది.

ఏడుగురికి ఏమీ లేదన్నారు. శారద తెమడలో టీబీ ఉంది. బిడ్డకు జబ్బు లేదు గానీ రాకుండా ఆరు నెలలు మందు వేయాలన్నారు. ఎనిమిది నెలల పిల్లకు రోజూ చేదు మందు. కోడలు నా వైపు చూసిన చూపు నేను రాయలేను.

భజన ఆగలేదు. రేణుక చెప్పినట్టు గది మానేసి గుడి ముందరి కట్ట మీదికి మార్చారు. నాకు రెండు నెలలు నిండి తెమడ పరీక్షలో ఏమీ లేదని వచ్చాక కట్ట చివర చోటిచ్చారు. వీధిలో కొందరు మా చీరలు ముట్టలేదన్నది నిజమే. నూలు ఇచ్చేటాయన మాత్రం ఎప్పటిలాగే వచ్చాడు. "మా నాయనకూ వచ్చిండె గదమ్మా" అన్నాడు, అంతే. గ్లాసుకున్న దారం మా ఆయనే తెంపేశాడు.

కార్తీకంలో రేణుక పరుగెత్తుకుంటూ వచ్చింది. శారద నాలుగు రోజులుగా మాత్రలు వేసుకోవడం లేదట. కడుపులో తిప్పుతుందట, దగ్గు తగ్గింది గదా ఇంకెందుకు అంటోందట. "మధ్యలో ఇడిస్తే మందుకు లొంగదక్కా. నా మాట ఇనదు, కొడుకు మాట ఇనదు. ఏం సేయల్లో తెల్దు" అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనిచ్చిన జబ్బు. నా మాట అసలే వినదు.

మాట వినదు గానీ పాట వింటుంది కదా అనిపించింది. మరుసటి రోజు తెల్లవారి నలుగురిని వెంటబెట్టుకుని శారద ఇంటి ముందుకు పోయాను. అరుగు మీద కూర్చుని మా అమ్మ నేర్పిన మేలుకొలుపు ఎత్తుకున్నాను. "తూరుపు తెల్లవారె, తలుపు తీయి అంజన్నా" అని. తలుపు తీయలేదు. పాట పూర్తి చేసి పనులకు పోయాం. రెండోరోజూ తీయలేదు. మూడోరోజు మూసిన తలుపుకే పాడాం. దారిన పోయేవాళ్లు నవ్వారు. నాలుగోరోజు నేను ఎత్తుకోగానే తలుపు దభీమని తెరుచుకుంది.

"సిగ్గుండాదా మీకు? వీధి వీధంతా లేపుతాండారు!" అంది శారద. జుట్టు విరబోసుకుని ఉంది, బుగ్గలు పీక్కుపోయాయి.

"మాత్రలు మింగు, పోతాం" అన్నాను.

"మింగను."

"అయితే ఇంగో పాట పాడతాం. పుస్తకంలో శానా ఉండాయి."

లోపలికి పోయి మాత్రలు, చెంబు తెచ్చి, మా ఎదుటే ఒక్కొక్కటి నోట్లో వేసుకుని నీళ్లు పోసుకుంది. చెంబు అరుగు మీద టక్కుమని పెట్టింది. మేం మిగిలిన చరణం పాడుతుంటే గడపలో నిలబడి ఉంది. మూడో చరణంలో ఆమె గొంతు కలిసింది. నా వైపు చూడలేదు. అలవాటు కొద్దీ వచ్చేసినట్టుంది, మధ్యలో ఆపలేకపోయింది.

అప్పటి నుంచి రోజూ పోయాం. కొన్నాళ్లు ఐదుగురం, కొన్నాళ్లు ఇద్దరం. వాన పడినా చలి పెట్టినా పోయాం. పొద్దున్నే పాట వినడం అలవాటైపోయి, ఆలస్యమైతే ఎదురింటివాళ్లే ఏమైందని అడిగేవాళ్లు. ఆ వీధిలోనే ఒకామె దగ్గుతున్న మొగుణ్ణి తనంతట తానే రేణుక దగ్గరికి తీసుకొచ్చింది. ఫాల్గుణంలో నా మాత్రలు అయిపోయాయి. అయినా పోవడం మానలేదు. ఆ నాలుగోరోజు తిట్టింది తప్ప, ఆ ఆరు నెలల్లో శారద నాతో పాడింది గానీ నాతో మాట్లాడలేదు. ఒక్కరోజు కూడా, ఒక్క ముక్క కూడా.

ఉగాది అయిన కొన్నాళ్లకు ఆమె ఆఖరి మాత్రల రోజు వచ్చింది. ఆ పొద్దు నేనొక్కదాన్నే పోయాను. మింగింది. నేను పాట ఎత్తుకోబోయాను.

"ఆగు వదినా" అంది. ఆరు నెలల తర్వాత ఆ పిలుపు.

"నిన్నొగటి అడగల్ల. నీ గొంతు బాగలేదంటే సూడనీకి వచ్చింటి గదా. రెండోసారి వచ్చినప్పుడు వాన పడతాండె. కొట్టుకు పోయొస్తా, రవ్వంతసేపు పట్టుకో అని బిడ్డను నీ సేతికిస్తి. తీసుకుంటివి. అప్పటికి నీకు తెలుసు గదా?"

ఈ సంగతి నేను పైన రాయలేదు. కిటికీలోంచే పంపేశానని రాశాను. అది మొదటిసారి సంగతి. రెండోసారి తలుపు తీశాను. ఎత్తుకోనంటే ఎందుకని అడుగుతుందని భయపడి బిడ్డను తీసుకున్నాను. వాన జల్లు పడుతోందని తలుపు కూడా వేశాను. ముఖం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టుకుని, ఆమె తిరిగి వచ్చేదాకా ఎత్తుకున్నాను. ఇది రాయకుండానే ముగించాలనుకున్నాను.

"తెలుసు" అన్నాను.

శారద చెంబు తీసుకుని లోపలికి పోయింది. ఇక అయిపోయిందనుకుని లేచాను. అరుగు దిగుతుంటే మళ్లీ గడపలోకి వచ్చింది, చంకలో మనవరాలు. పిల్లకు అప్పటికే నడక వచ్చింది, కిందికి దింపమని గింజుకుంటోంది.

"నాకు పొయ్యి మీద పనుండాది. పట్టుకో" అని నా చేతుల్లో పెట్టింది.

పిల్ల బరువుగా ఉంది. నా ముక్కుపుడక పట్టుకుని లాగింది. నేను అరుగు మీద కూర్చున్నాను. దాన్ని ఆడించడానికి ఏదైనా పాడదామని నోరు తెరిచేలోపే వంటింట్లోంచి శారదే మేలుకొలుపు ఎత్తుకుంది. పద్నాలుగేళ్లలో ఆమె మొదటి నుంచీ ముందుపాట ఎత్తుకోగా నేను వినడం అదే మొదటిసారి. చరణం చివర నాకోసం ఆగింది.

నేను అందుకున్నాను.